మిద్దెకు తాళం

ఎండాకాలంలో హైదరాబాదు వచ్చిన చుట్టాలకి ఏం చూపించాలని ఇప్పుడు ఎవరినడిగినా ఏసీ ఉన్న చోట్లే చెబుతారు. మాల్, మల్టీప్లెక్స్, ఆ పైఅంతస్తులో పిల్లల గేమ్ జోన్. అదీ చాలకపోతే మంచు. లోయర్ ట్యాంక్‌బండ్‌లో స్నో వరల్డ్ 2004లో వచ్చింది. మే నెల మధ్యలో డబ్బు కట్టి, కోటు తొడుక్కుని, కాసేపు గజగజా వణికి, బయటికొచ్చి మళ్లీ చెమటలు తుడుచుకోవడం. వణకడానికి టికెట్టేమిట్రా అంటే మా మనవడు "తాతా, నీకు తెలీదులే" అన్నాడు. తెలీకేం, డిసెంబరులో తెల్లారకముందే పాల పాకెట్లకి పంపించేది నన్నేగా.

నా పేచీ మంచుతో కాదు. ఎవరి సరదా వాళ్లది, నా పెన్షన్ జోలికి రానంతవరకూ. ఈ ఊరి ఎండాకాలంలో అసలు సరదా ఎప్పుడూ పగలు లేదు, పొద్దు వాలాక ఉండేది. ఆ రాత్రుల్ని ఎవరో ఎత్తుకుపోయారు. పోయినట్టు ఒక్కరైనా గమనించారా అంటే అదీ లేదు. ఎవరి కిటికీలు వాళ్లు మూసుకుని రిమోట్లు నొక్కుకుంటున్నారు.

మా నాన్న 1956లో రాజధానితోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన గుమాస్తా. చిక్కడపల్లిలో అద్దెకు దిగాం. సెలవులివ్వగానే వీధిలో పిల్లలంతా అమ్మమ్మగారి ఊళ్లకు పోతుంటే, మా ఇంటికి మాత్రం బెజవాడ నుంచి మా పెద్దమ్మ పిల్లల్ని వెంటేసుకుని దిగేది. ఎండాకాలానికి పట్నం నుంచి పల్లెకు పోవడం లోకరీతి. మా ఇంట్లో అది తిరగబడింది. కారణం రాత్రులే. బెజవాడలో అర్ధరాత్రి దాటినా ఉక్క తగ్గదు, ఒంటిమీద చెమట ఆరదు. ఇక్కడ పొడి ఎండ. ఊరు సముద్రానికి అయిదొందల మీటర్ల పైచిలుకు ఎత్తున, రాతిగుట్టల మీద కూర్చుంది. పగలంతా మాడ్చేసినా సూర్యుడు దిగాక పడమటి గాలి మొదలయ్యేది. "మీ ఊళ్లో తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలే, చెల్లీ!" అని పెద్దమ్మ ఏటా అనేది. ఆ మాట వినడానికే మా అమ్మ ఆవిణ్ణి పిలిచేదని నాకో అనుమానం.

మా రోజుల్లో ఎండలు తక్కువని మాత్రం నేననను. ఆ మాట అనేవాళ్లకి జ్ఞాపకం తక్కువ. ఈ ఊరి రికార్డుల్లో అతి పెద్ద ఎండ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న కాసింది. రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు మా పెరటి రోలు పగల్లేదు కానీ, దానిమీద ఆరబెట్టిన వడియాలు మధ్యాహ్నానికే ఫెళఫెళమన్నాయి. అంత ఎండ కాసిన రోజునా రాత్రి మేం ఇంట్లో పడుకోలేదు.

సాయంత్రం ఆరయ్యేసరికి మిద్దె మీద నీళ్లు చల్లడం పిల్లల వంతు. నల్లా నీళ్లు వంటకీ తాగడానికీ తప్ప ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పెరటి బావిలో చేది, బిందెలు మెట్లెక్కించాలి. మొదటి బిందె గుమ్మరిస్తే సుయ్యిమని చప్పుడొచ్చి, తడిసిన సున్నం వాసన గుప్పున ముక్కుకి తగిలేది. నీరు ఎటు పోయిందో తెలిసేది కాదు. రెండో బిందెకి మరకలు పడేవి. మూడోదానికి గాని నీళ్లు తూము దాకా పారేవి కావు. అప్పుడు పెద్దమ్మ పైకొచ్చి, చెప్పులు విడిచి, అరికాలు ఆనించి చూసి, "ఇంకో రెండు" అని తీర్పు చెప్పేది. ఆవిడ అరికాలికి మించిన థర్మామీటర్ మా ఇంట్లో లేదు.

తర్వాత పక్కలు. నాన్నకి నవారు మంచం. మిగతా అందరికీ జంపఖానాలు, బొంతలు. పిట్టగోడ వారగా పడమటి వైపు చోటు కోసం రోజూ యుద్ధమే, గాలి ముందు అక్కడే తగులుతుంది గనక. తలాపున మట్టి కూజా, దానిమీద బోర్లించిన గ్లాసు. చుట్టూ అన్ని మిద్దెల మీదా ఇదే దృశ్యం. పక్కింటివాళ్లతో మాటలన్నీ పిట్టగోడ మీదుగానే: పిల్లకి సంబంధం కుదిరిందా, బియ్యం ఎక్కడ దొరుకుతున్నాయి, ఫలానా ఆయనకి ప్రమోషన్ ఎందుకాగింది. బుధవారం ఎనిమిదింటికి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా వస్తే వీధి మొత్తం మాటలాపేసేది. ఇంటింటి ట్రాన్సిస్టర్ ఒకటే పాట పాడుతుంటే వేరే లౌడ్‌స్పీకర్ దేనికి?

సప్తర్షుల్ని నేను బళ్లో నేర్చుకోలేదు, ఆ మిద్దె మీద వెల్లకిలా పడుకుని నాన్న వేలు పట్టుకుని నేర్చుకున్నాను. ఒక్కోరాత్రి ఒంటిగంటకో రెండింటికో ఈదురుగాలి లేచి, పెద్ద చినుకులు పడేవి. "లేవండర్రా" అనే కేకతో పక్కలు చుట్టుకుని మెట్లమీద తోపులాట. మా పెదనాన్నగారి అబ్బాయి ఒకసారి వానకీ లేవలేదు, కేకకీ లేవలేదు. తడిసిన బొంత బరువెక్కి వాడినే చుట్టేస్తే ఇద్దరం కలిసి ఈడ్చాం. పొద్దున్న ఆరింటికి ఎండ మొహాన కొట్టి, ఈగలు ముసిరితే గాని పిల్లలెవరూ కదిలేవాళ్లు కాదు. ఇదంతా పైసా ఖర్చులేని వినోదం. చేదుకున్న నీళ్లే ఖర్చు.

పగటి పూట చుట్టాలని తిప్పే బాధ్యత నాది. ఊళ్లో పెరిగినవాణ్ణని నాకో గర్వం కూడా. అందరూ సికింద్రాబాదు పోయేదే డబుల్ డెక్కర్ ఎక్కడానికి. ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ పోయే 7 నంబరు బస్సులో పై అంతస్తు ముందు సీటు దొరికితే ఆ రోజు గెలిచినట్టే. హుసేన్‌సాగర్ మీది గాలి కిటికీలోంచి కొట్టి జుట్టంతా నిలబెట్టేది. అప్పటికి సాగర్‌లో బుద్ధుడు లేడు. 1990లో విగ్రహాన్ని తీసుకెళ్తూ నీళ్లలో పడేసుకుని, ప్రాణాలు పోగొట్టుకుని, మళ్లీ పైకి తీసి 1992లో నిలబెట్టారు. గట్టు మీద కవుల, రాజుల విగ్రహాలూ ఎన్‌టీఆర్ హయాంలో వచ్చినవే. మాకు కనిపించింది నీళ్లే. 1562లో తవ్వించిన చెరువుకి ఇంకో ఆకర్షణ ఎందుకనిపించేది. 2023లో డబుల్ డెక్కర్లు మళ్లీ తెచ్చారన్నారు. ఉబ్బితబ్బిబ్బై మనవణ్ణి తీసుకుని వెళ్లాను. కరెంటు బస్సు, చప్పుడు లేదు, ముచ్చటగానే ఉంది. అద్దాలు మాత్రం బిగించేశారు, లోపల ఏసీ. సాగర్ గాలి అద్దానికి అటువైపు, మేం ఇటువైపు.

అఫ్జల్‌గంజ్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం. మొదట్లో అది దివాన్ దేవిడీలో ఉండేది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. మా చుట్టాలకి మేలిముసుగు రెబెక్కా, దంతపు కుర్చీలు ఒక ఎత్తు, గడియారం ఇంకో ఎత్తు. గంట కొట్టే వేళకి కాస్త ముందే బుల్లి గడ్డపాయన తలుపు తీసుకుని వచ్చి నిలబడతాడు, గంట కొట్టి లోపలికి పోతాడు. పక్కన కమ్మరి సెకన్లు లెక్కపెడుతూ సుత్తి కొడుతూనే ఉంటాడు. పన్నెండు గంటలకే వెళ్లాలి, పన్నెండు దెబ్బలు వినొచ్చు. ఒంటిగంటకి పోయినవాడు ఒక్క దెబ్బతో బయటికి రావాలి. మా చిన్నప్పుడు జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. పోయినేడు వెళ్తే నా ముందు ఎత్తిన ఫోన్ల గోడ. నేను గడ్డపాయన్ని ముందు కుర్రాడి ఫోన్ తెరమీదే చూశాను. కళ్ల ముందున్నదాన్ని ఇంటికెళ్లి చూసుకుందామనే తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

జూ పార్కు 1963లో తెరిచారు. అన్నం మూటలు కట్టుకుని పోయి, చెట్లకింద పడుకుని, సాయంత్రం దాకా ఉండేవాళ్లం. సింహం కూడా మాలాగే నీడ వెతుక్కుని పడుకునేది, ఎవరి పని వాళ్లది. ఇప్పుడు ఎండలు ముదిరితే జంతువులకి కూలర్లు, స్ప్రింక్లర్లు పెడుతున్నారు, పుచ్చకాయలు పెడుతున్నారు. మంచిదే. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఎండలో నిలబడి, కూలర్ ముందు పడుకున్న ఎలుగుబంటిని చూసి అసూయపడుతున్నారు.

గండిపేట కూడా చెప్పాలి. 1908 మూసీ వరదల తర్వాత, మళ్లీ అంత ఉపద్రవం రాకుండా కట్టిన రెండు జలాశయాల్లో మొదటిది, 1920 నాటిది. అక్కడి నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలి వెళ్లడని నానుడి. పెద్దమ్మ ఏటా తాగేది, ఏటా జూన్‌లో బెజవాడ వెళ్లిపోయేది.

సినిమాల సంగతి ఎక్కువ చెప్పను. మేమూ చల్లదనం కోసమే మ్యాట్నీకి పోయేవాళ్లం, గొప్పేం లేదు. అబిడ్స్‌లోనో సికింద్రాబాదులోనో ఎయిర్ కండిషన్ బోర్డున్న హాలు చూసుకుని, సినిమా ఏదైనా సరే కూర్చునేవాళ్లం. ఈ ఒక్క విషయంలో మా మనవడికీ నాకూ తేడా లేదు, పాప్‌కార్న్ బిల్లులో తప్ప.

మామిడిపళ్ల దగ్గర మాత్రం నేను తగ్గను. పెద్దమ్మ రైలు దిగిందంటే వెంట ఒక గంప దిగాలి. అందులో గడ్డి పరిచి పేర్చిన నూజివీడు చిన్నరసాలు. ప్లాట్‌ఫారం మీదే వాసన చెప్పేసేది ఏ పెట్టెలోంచి వస్తోందో. ఇంటికొచ్చాక బకెట్ నీళ్లలో గంటసేపు నానాలి. తర్వాత పెరట్లో వరసగా కూర్చోబెట్టేవాళ్లు, చొక్కాలు విప్పించి. పెద్దమ్మ శాసనమది: రసం తినేవాడి ఒంటిమీద గుడ్డ ఉండకూడదు. పండుని రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కుతూ పిసకాలి. తొందరపడితే తొక్క చిట్లి మోచేతిదాకా కారుతుంది. ముచ్చిక తీసి, మొదటి చుక్క పిండి పారేయాలి, అది సొన, పెదవికి తగిలితే పొక్కుతుంది. ఆ తర్వాత ఇక మాటలుండవు. టెంక తెల్లబడేదాకా చీకాలి, పీచు పళ్లలో ఇరుక్కోవాలి. అయ్యాక అందరినీ బావి దగ్గర నిలబెట్టి తలా ఒక చెంబు.

ఇప్పుడు మా కోడలు మామిడిపండు ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి, ఫోర్కులిస్తుంది. "మామయ్యా, మీకు షుగరు కదా, రెండు ముక్కలు చాలు" అంటుంది. బేనిషాన్ ముక్కలు కోసుకోవడం న్యాయమే, ఆ పండు గుణమది. కానీ రసాన్ని కూడా కోస్తామంటే నేనా టేబుల్ దగ్గర కూర్చోను. పళ్ల మార్కెట్ సంగతీ అంతే. జాంబాగ్‌లో ఉన్నప్పుడు నడిచిపోయి బేరమాడేవాళ్లం. కొత్తపేటకి పోయింది, బస్సెక్కాం. ఇప్పుడు విజయవాడ దారిలో బాటసింగారం దాకా తీసుకుపోయారు. అంతదూరం పోయేకంటే ఆ దారినే ఇంకాస్త పోతే నూజివీడే వస్తుందిగా!

తాటిముంజలు కాస్త నయం, ఇప్పటికీ రోడ్ల పక్కన దొరుకుతున్నాయి. అయితే కత్తితో కాయ చెక్కి చేతికిచ్చే మనిషి తగ్గిపోయాడు. ఒలిచినవి ప్లాస్టిక్ కవర్లో అమ్ముతున్నారు. ముంజె కాయలో ఉండగానే బొటనవేలు గుచ్చి, లోపలి నీరు మొహాన చిమ్మకుండా లాగడం ఒక విద్య. ఆ విద్య రాకపోతే చొక్కాకి మరక, ఇంట్లో వీపుకి మోత. తిన్నాక ఖాళీ తాటిబుర్రలు రెండింటికి కర్ర గుచ్చితే బండి. దానికి పెట్రోలు లేదు, చార్జింగ్ లేదు, వీధి చివరిదాకా పరుగే.

ఐస్‌క్రీమ్ కోసం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి కట్టడంలో, చెక్క పీపాలో ఐసూ ఉప్పూ నింపి, మధ్యలో డబ్బా తిప్పి చేసే పళ్ల ఐస్‌క్రీమ్ ఇప్పటికీ ఉంది. మా మనవడు మూడు కప్పులు తిని నాలుగోది అడిగాడు. మా రోజుల్లోంచి ఒక్కటి మిగిలిందని నేను వాణ్ణి ఆపలేదు. వాళ్లమ్మకి చెప్పొద్దని మాత్రం ఒట్టు వేయించుకున్నాను.

ఇక సమ్మర్ క్యాంపులు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు, జూన్ 12న తెరుస్తారు. ఈ మధ్యలో మా మనవడికి రోబోటిక్స్, అబాకస్, ఈత. ఈతకి స్లాటు, టోపీ, కళ్లద్దాలు. మాకు నడుముకి ఖాళీ నూనెడబ్బా కట్టి దిగుడుబావిలో తోసేవాళ్లు. ఆ బావులన్నీ పూడ్చి మీద అపార్ట్‌మెంట్లు కట్టారు. బన్సీలాల్‌పేటలో ఒక మెట్లబావిని మాత్రం చెత్తంతా తోడి, 2022లో మళ్లీ నిలబెట్టారు. చూసొచ్చాను, పని బాగా చేశారు. అక్కడ ఈతకి దిగుతానని అనకముందే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. సైకిల్ కూడా అలాగే అయింది. గంటకింతని కిరాయి కట్టి, కాలు ఫ్రేము మధ్యలోంచి దూర్చి కైంచీ తొక్కుతూ నారాయణగూడంతా తిరిగాం. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో ఇరవై మూడు కిలోమీటర్ల సైకిల్ బాట వేశారు. అంత మంచి బాటకి మా వీధి నుంచి సైకిల్‌ని కారుకి కట్టి తీసుకుపోవాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మేమిప్పుడుండేది నిజాంపేటలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. పైన విశాలమైన మిద్దె ఉంది. దానికి తాళం ఉంది. తాళం పక్కన బోర్డు ఉంది: అనుమతి లేనిదే పైకి రాకూడదు. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే "అంకుల్, సేఫ్టీ ఇష్యూ అండీ. పైన వాటర్ ట్యాంకులున్నాయి, సోలార్ హీటర్లున్నాయి, కేబుళ్లున్నాయి" అన్నాడు. మనుషులకు తప్ప అన్నిటికీ అక్కడ చోటుంది.

పోరగా పోరగా ఒక రాత్రి తాళమిచ్చారు. పదింటికి పైకెక్కి, పెద్దమ్మ పద్ధతిలో చెప్పులు విడిచి అరికాలు ఆనించాను. వెంటనే తీశాను. పగలు తాగిన ఎండని ఆ కాంక్రీటు రాత్రంతా తీరిగ్గా కక్కుతోంది. మా సున్నపు మిద్దె మూడు బిందెలకు లొంగింది, దీనికి ట్యాంకరు కావాలి. దానికి తోడు చుట్టూ నాలుగు వైపులా ఏసీల వెనక పెట్టెలు వేడిగాలి ఊదుతున్నాయి. ఏసీ చలిని పుట్టించదు, గదిలో వేడిని తోడి వీధిలో పోస్తుంది. నా గది చల్లబడాలంటే పక్కవాడి కిటికీ కాలాలి. వాడు ఊరుకుంటాడా, వాడూ ఒకటి పెట్టిస్తాడు. వందల ఇళ్లు ఇలా ఒకరి మీద ఒకరు వేడి పోసుకుంటుంటే పడమటి గాలి ఏ సందులోంచి రావాలి? గాలిని చల్లబరిచే చెరువులు చూద్దామా అంటే, మాసబ్ ట్యాంకులో ట్యాంకు లేదు, పేరు మాత్రం బస్సు బోర్డు మీద మిగిలింది.

అందుకే అంటాను, మాల్‌కి పోయే పిల్లల్ని తిట్టి లాభం లేదని. మిద్దె మూసేసి, బావి పూడ్చి, చెట్టు కొట్టి, వాళ్లని ఎక్కడికి పొమ్మంటాం? పోనీ వాళ్ల అమ్మానాన్నలయినా తీరిగ్గా కూర్చుంటారా అంటే, ఆదివారం కూడా ల్యాప్‌టాప్ తెరిచి "చిన్న కాల్ ఉంది నాన్నా" అంటారు.

జూన్‌లో మా అమ్మాయి పిల్లలు డల్లాస్ నుంచి వస్తున్నారు. అప్పటికి మృగశిర కార్తె వచ్చేస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు, ఆ పక్కకి పోతే ట్రాఫిక్‌లో చిక్కుకుంటాం. కాబట్టి నేనే తిప్పే కార్యక్రమం రాసిపెట్టాను. మెట్రోలో పోదాం, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే సాలార్‌జంగ్. మెట్రో నాకిష్టమేనని మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం సెలవు, అవి తప్పించాను. నూజివీడు దగ్గర తెలిసినవాళ్లకి ఫోన్ చేసి, సీజన్ చివర్లో ఏమైనా రసాలు మిగిలితే గంప పంపమన్నాను. డల్లాస్ పిల్లలకి చొక్కాలు విప్పడం అలవాటుందో లేదో.

రాత్రి మిద్దె సంగతి వాచ్‌మన్‌తో విడిగా మాట్లాడుకున్నాను. తొలకరి జల్లొకటి పడి శ్లాబు చల్లబడ్డ రోజు చూసి, జంపఖానాలతో పైకి పోతాం. తాళం ఇవ్వడానికి అతనికేం అభ్యంతరం లేదట, పొద్దున అయిదింటికల్లా పక్కలెత్తేయాలన్నాడు. "ఎందుకయ్యా, పిల్లలు కాసేపు పడుకోనీ" అంటే, "లేదు సార్, అయిదున్నరకి సెక్రటరీ సార్ వాకింగ్‌కి పైకే వస్తాడు" అన్నాడు.